సైకిల్ చైన్ల జల్లెడ: 8,61,64,60,799ను విడగొట్టిన డైరీ

అనంతపురం పాతూరులో నాది బోరు మోటార్ల వైండింగ్ అంగడి. సాయంత్రాలు, ఆదివారాలు కలిపి ఆరు వారాలు ఈ పని మీద కూర్చున్నాను. ఎవరైనా చేయాలనుకుంటే నేను పారేసుకున్న డబ్బు, టైము వాళ్ళకు మిగులుతాయని రాస్తున్నా.

ఇంగ్లండులో విలియమ్ స్టాన్లీ జెవన్స్ అని ఆర్థికశాస్త్రవేత్త ఉండేవాడు. 1874లో వచ్చిన తన పుస్తకంలో 8616460799 అనే సంఖ్య ఇచ్చి, ఏ రెండు సంఖ్యలు గుణిస్తే ఇది వస్తుందో నాకు తప్ప ఎవరికీ తెలిసే అవకాశం లేదని రాశాడు. 1903లో అమెరికాలో డెరిక్ నార్మన్ లేమర్ దాన్ని విడగొట్టాడు. ఆయన కొడుకు డెరిక్ హెన్రీ లేమర్ 1926లో సైకిల్ చైన్లతో ఒక సంఖ్యల జల్లెడ తయారు చేశాడు. నేను కొడుకు యంత్రానికి చిన్న నకలు చేసి, తండ్రి విడగొట్టిన సంఖ్యనే అందులో వేశాను. జవాబు ముందే తెలిసిన సంఖ్య కావాలని ఏరికోరి తీసుకున్నా. లేకపోతే తప్పు యంత్రానిదో లెక్కదో తేలదు. పదో తరగతి చదివే మా అమ్మాయికి మాత్రం జవాబు చెప్పలేదు.

దశ 0: కాగితం మీద

సంఖ్యను 'న' అనుకుందాం. క×క లోంచి న తీసేస్తే మిగిలేది కూడా ఒక వర్గం (గ×గ) అయితే, న = (క+గ)×(క−గ). పని అయిపోయినట్టే. న వర్గమూలం 92,824 దాటి ఉంటుంది కాబట్టి క 92,825 దగ్గర మొదలై ఒక్కొక్కటే పెరుగుతుంది. ప్రతిసారీ వర్గం కట్టి చూడకుండా, పనికిరాని క లను శేషాలతో ముందే జల్లించేయడమే యంత్రం పని.

7తో ఉదాహరణ. ఏ వర్గాన్నైనా 7తో భాగిస్తే 0, 1, 2, 4 మాత్రమే మిగులుతాయి. 3, 5, 6 ఎప్పటికీ రావు. న ను 7తో భాగిస్తే 2 మిగులుతుంది. కాబట్టి క వర్గం శేషంలోంచి 2 తీస్తే 0, 1, 2, 4లో ఒకటి రావాలి. అలా వచ్చే క శేషాలు 2, 3, 4, 5. మిగతా మూడూ (0, 1, 6) కొట్టివేత.

7, 11, 13 శేషాలకు ఒకే అడ్డదారి ఉంది. 7×11×13 = 1001 కాబట్టి సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడదీసి కూడుతూ తీసేస్తూ పోవాలి: 799 − 460 + 616 − 8 = 947. ఇక న బదులు 947ను భాగిస్తే చాలు. శేషాలు వరుసగా 2, 1, 11.

ఒక్కో భాజకానికి ఒక్కో చైన్, లింకుకొక శేషం. క ఒకటి పెరగడం ఒక అడుగు, అప్పుడు ప్రతి చైనూ ఒక లింకు జరుగుతుంది. బతికే క శేషాలు:
- 5 చైన్: 0, 2, 3
- 7 చైన్: 2, 3, 4, 5
- 11 చైన్: 1, 2, 4, 7, 9, 10
- 13 చైన్: 1, 5, 6, 7, 8, 12

ఇది సరైన పట్టిక. నేను మొదట వేసింది ఇది కాదు. ఆ కథ దశ 4లో.

దశ 1: ఇరుసు, పళ్ళ చక్రాలు

టవర్ క్లాక్ దగ్గరి సైకిల్ అంగడి భాయ్ పాత సామాన్ల డబ్బా నా ముందు బోర్లించాడు. 18 పళ్ళ ఫ్రీవీళ్ళు ఆరు (చైన్లకు ఐదు, అడుగుల లెక్కకు ఒకటి), పాత చైన్లు మూడు తీసుకున్నా.

1. ఒక అంగుళం జీఐ పైపు బయటి కొలత వెర్నియర్ మీద 33.5 మిల్లీమీటర్లు. ఫ్రీవీల్ లోపలి మర మీదుగా బిగుతుగా జారింది. వేరే బుష్ అక్కర్లేదు.
2. వెల్డింగ్ పెట్టేచోట పైపు మీది జింక్ పూత ఆకురాయితో పూర్తిగా గీకేయాలి. గీకకపోతే తెల్లటి పొగ వస్తుంది, అది పీల్చకూడదు.
3. ఆరింటినీ పైపుకు అంటించి తిప్పాను. ముందుకు బాగానే తిరిగాయి. ఒక అడుగు వెనక్కి తిప్పగానే ఒక్కోటి ఒక్కో తీరుగా జారి, చైన్ల పొంతన మొత్తం పోయింది.

ఫ్రీవీల్ అంటేనే వెనక్కి వదులుగా తిరిగేది. ఇరవై ఏళ్ళు సైకిల్ తొక్కిన నాకు ఆ మాత్రం తట్టలేదు. మళ్ళీ గుత్తి రోడ్డులోని వెల్డింగ్ అంగడికి పోయి బయటి రింగును లోపలి దానికి కలిపి వెల్డింగ్ పెట్టించాల్సి వచ్చింది. మొదటిసారే రెండూ చెప్పండి, వంద మిగులుతుంది.

రెండో చక్రం సగం పన్ను పక్కకు అతుక్కుంది. ఊడదీయలేదు. దాని మీద వచ్చే రేకును (దశ 3లో చెప్తా) అంతే పక్కకు జరిపితే సరిపోయింది.

చైన్ పొడవు దగ్గర ఇంకో తిరకాసు. సైకిల్ చైన్‌లో ఒక లింకు లోపలిది, తరువాతది బయటిది. సరి సంఖ్యలో ఉంటేనే రెండు కొసలూ కలుస్తాయి. 13 లింకుల చైన్ కట్టలేం. 11 రెట్టింపు చేసి 22తో కట్టి చూశా. బరువు చాలక పళ్ళ మీద ఎగిరింది. చివరికి ఇలా తేలింది:

- 5 కోసం 40 లింకులు (నమూనా 8సార్లు)
- 7 కోసం 42 (6)
- 11 కోసం 44 (4)
- 13 కోసం 52 (4)

మొత్తం 178 లింకులు. ప్రతి చైన్ అడుగున రెండు పాత 6201 బేరింగులు బోల్టుతో బిగించి వేలాడదీశాక ఎగరడం ఆగింది.

ఇప్పటికి ఖర్చు: చైన్లు 90, ఫ్రీవీళ్ళు 300, పైపు 150, వెల్డింగ్ 200 + 100. మొత్తం ₹840.

దశ 2: అయస్కాంతాలు (దండగ)

బతికే ప్రతి లింకుకు చిన్న గుండ్రటి అయస్కాంతం, ఎదురుగా రీడ్ స్విచ్ (అయస్కాంతం దగ్గరికొస్తే మూసుకునే స్విచ్). సంఖ్య మారినప్పుడు అయస్కాంతం పీకి వేరే లింకుకు పెట్టుకోవచ్చు అని ఆశ.

లింకుకూ లింకుకూ దూరం 12.7 మిల్లీమీటర్లు. నా దగ్గరున్న రీడ్ స్విచ్ 14 మిల్లీమీటర్ల నుంచే మూసుకుంటోంది. అంటే పక్క లింకు అయస్కాంతానికే 'సరే' అనేస్తోంది. దూరం జరిపి చూశా, అప్పుడు ఎదురుగా వచ్చినా మూసుకోలేదు. రెండిటి మధ్యా నికరంగా నిలిచే చోటు దొరకలేదు.

దాని కంటే పెద్ద తంటా ఇంకోటి. చైన్లు వేలాడుతూ ఊగుతాయి కదా, 7 చైన్ పోయి 11 చైన్‌ను టక్కున అతుక్కుంది. విడదీస్తే ఇటు 5 చైన్ వచ్చి పట్టుకుంది. మా ఆవిడ చూసి, ఇవి జడలు వేసుకుంటున్నాయా అంది.

పోయింది: ₹500. ఇప్పటికి ₹1,340.

దశ 3: చెప్పుల చీలలు

పద్ధతి తిరగేశాను. కొట్టివేయాల్సిన లింకులకు పక్కగా పొడుచుకొచ్చేలా చెప్పులు కుట్టేవాళ్ళు వాడే చిన్న చీల. చీల వచ్చి ఇత్తడి రేకును నెడితే సర్క్యూట్ తెగుతుంది. రేకులన్నీ సిరీస్‌లో. ఏ చైన్‌కూ ఎదురుగా చీల లేనప్పుడే బల్బు వెలిగి బజర్ మోగుతుంది. రేకులు పాత స్టార్టర్ రిలేలవి, ఖర్చు లేదు.

మొదటి రోజు అంటించిన చీలల్లో సగం తెల్లారేసరికి కింద పడున్నాయి. గ్రీజు మీద ఎం-సీల్ పట్టదు. తరువాత చేసిన వరుస:

1. చైన్‌ను డీజిల్‌లో రాత్రంతా నానబెట్టి, బ్రష్‌తో తోమి, సర్ఫు నీళ్ళలో కడిగి ఎండలో పెట్టాలి. మా ఊరి ఎండకు అరగంట చాలు.
2. లింకు పక్క భాగాన్ని మాత్రం ఎమరీ కాగితంతో తెల్లగా మెరిసేదాకా రుద్దాలి.
3. చీల తల లింకు వైపు, మొన బయటికి. శనగగింజంత ఎం-సీల్ సరిపోతుంది. ఎక్కువైతే పక్క చైన్‌కు తగులుతుంది.
4. పూర్తిగా ఒక రోజు ముట్టుకోవద్దు.
5. మొదటి అడుగుకు (92,825) ఎదురుగా ఉండాల్సిన లింకు మీద ఎర్ర పెయింటు చుక్క. ప్రతి పరుగుకు ముందు అన్ని చుక్కలూ రేకుల ఎదుటికి తేవాలి.

చైన్‌కు మళ్ళీ నూనె పెట్టకండి. రేకుకు నూనె అంటితే చీల లేకపోయినా బల్బు వెలగదు. దీని కోసం నేను ఒక సాయంత్రమంతా వైర్లు పీకి చూశా.

ఎం-సీల్ 60, చీలలు 20, ఎమరీ 15, డీజిల్ 50, బజర్, బల్బు, సెల్లు కలిపి 45. ఇప్పటికి ₹1,530. చీలలు: 118.

దశ 4: మొదటి పరుగు, ఫెయిల్

ఆరో చక్రానికి స్పోక్ ముక్క ఆనించాను. పన్నుకొక టిక్. నేను తిప్పుతుంటే అమ్మాయి నోట్‌బుక్‌లో అయిదేసి గీతలు గీసింది. 92,890 దాకా తిప్పాం. బల్బు రెండేసార్లు వెలిగింది: 0వ అడుగున (92,825), 35వ అడుగున (92,860). రెండూ వర్గాలు ఇవ్వలేదు. వెలగాల్సిన 55వ అడుగున చీకటి.

రేకులు చూశా, బాగున్నాయి. 55వ అడుగు దగ్గర ఆపి ఒక్కో రేకును వేలితో నొక్కిపెట్టి చూస్తే 7 చైన్ అడ్డం పడుతోందని తెలిసింది. అక్కడ చీల ఉంది. ఉండకూడదు.

తప్పు కాగితం మీదే జరిగింది. వర్గాల శేషాలు రాసుకున్నప్పుడు నేను 1, 2, 4 అని రాశా, 0 వదిలేశా. 0 కూడా వర్గమే. అదీ ఊరికే పోయే తప్పు కాదు, ఎందుకంటే ఇక్కడి జవాబులో గ విలువ 3,199, అది 7×457. అంటే 7 చైన్ దగ్గర జవాబు నిలబడేదే ఆ సున్నా మీద. నేను దాన్నే కొట్టేశా.

5, 7, 11 చైన్లలో అదే తప్పు. 13 చైన్‌లో లేదు. 11 శేషం వచ్చే వర్గమే 13కు ఉండదు కాబట్టి అక్కడ సున్నా తలెత్తదు. తీసేసిన చీలలు 16 + 12 + 8 = 36. మిగిలినవి 82. ఎం-సీల్ గట్టిపడ్డాక ఊడదీయడం చెక్కినట్టే. ఉలి కంటే కటింగ్ ప్లేయర్‌తో మెలితిప్పడం మేలు.

దశ 5: రెండో పరుగు

56 స్థానాలకు 4 నిమిషాలు పట్టింది. బల్బు ఏడుసార్లు వెలిగింది. ప్రతిదానికీ క వర్గంలోంచి న తీసేస్తే మిగిలింది:

- 0వ అడుగు, 92,825: 19,826. 140 వర్గానికీ 141 వర్గానికీ మధ్య. కాదు.
- 13, 92,838: 24,33,445. 5తో ముగిసే వర్గం 25తోనే ముగియాలి. కాదు.
- 27, 92,852: 50,33,105. అదే కారణం.
- 28, 92,853: 52,18,810. చివర ఒంటి సున్నా. కాదు.
- 33, 92,858: 61,47,365. కాదు.
- 35, 92,860: 65,18,801. 2,553 వర్గం 65,17,809, తరువాతి వర్గం దీన్ని దాటిపోతుంది. కాదు.
- 55, 92,880: 1,02,33,601. ఇది 3,199 వర్గం.

92,880 + 3,199 = 96,079. 92,880 − 3,199 = 89,681. గుణిస్తే 8,61,64,60,799.

ఈ రెండూ ఇంకా విడిపోవని నిర్ధారించుకోవడానికి ఇంకో రెండు రాత్రులు. 89,681ను 293 వరకు 62 ప్రధాన సంఖ్యలతో, 96,079ను 307 వరకు 63తో భాగించాం. మొత్తం 125 భాగహారాలు, దేనికీ లొంగలేదు. ఇదే నేరుగా న ను చిన్న ప్రధాన సంఖ్యల నుంచి భాగించుకుంటూ పోయుంటే ఎనిమిదిన్నర వేలకు పైగా భాగహారాలు చేయాల్సి వచ్చేది.

దశ 6: ఐదో చైన్, ఒక అడుగు తేడా

ఏడు వెలుగుల్లో ఆరు దొంగవి. వాటిని తగ్గించడానికి 12 చైన్ కట్టా, 48 లింకులు. ఈ సంఖ్యకు క తప్పకుండా 12 ఎక్కంలోదే అవుతుంది (ఎందుకో కింద). పన్నెండింటిలో పదకొండు కొట్టివేత అంటే 44 చీలలు. అంత ఓపిక లేదు. రేకు తిప్పి పెట్టా: ఈ ఒక్క చైన్‌లో చీల నెడితే సర్క్యూట్ కలుస్తుంది. 4 చీలలతో పోయింది. మొత్తం చీలలు 86, లింకులు 226.

గీతలు గీసే బదులు క్యాలిక్యులేటర్ కొన్నా. 1 కలుపుతూ పోయేలా పెట్టి, టిక్ వచ్చినప్పుడల్లా అమ్మాయి '=' నొక్కాలి. మూడో పరుగులో బల్బు ఒకే ఒక్కసారి వెలిగింది. క్యాలిక్యులేటర్ మీద 92,879.

అమ్మాయి వర్గం కట్టి, తీసివేసి, ఫలితం చూపించింది: 1,00,47,842.

"నాన్నా, 2తో ముగిసింది. వర్గమే కాదు."

"సరిగా తీసేశావా?"

"రెండుసార్లు చేశా. నువ్వే ఏదో తప్పు పెట్టుంటావు."

పెట్టింది నేనే. మొదటి నొక్కుతో 92,825 వస్తుందని 92,824 వేసి ఇచ్చా. కానీ ఎర్ర చుక్కలు అప్పటికే 92,825 దగ్గర నిలబడి ఉన్నాయి. చివరిదాకా ఒకటి వెనకే. తిప్పడం మొదలుపెట్టేముందే తెర మీద 92,825 కనబడాలి.

క్యాలిక్యులేటర్ 150. మొత్తం ₹1,680.

దశ 7: లెక్కల సార్ వచ్చారు

మా వీధి చివర రిటైరైన లెక్కల సార్ ఉంటారు. యంత్రం చూపించా. మూడుసార్లు తిప్పించుకుని, బజర్ మోగినప్పుడల్లా నవ్వారు. తరువాత కరెంటు బిల్లు వెనక్కి తిప్పి పెన్ను తీశారు.

న ను 4తో భాగిస్తే 3 మిగులుతుంది. అప్పుడు క సరి, గ బేసి కాక తప్పదు. బేసి వర్గాన్ని 8తో భాగిస్తే ఎప్పుడూ 1 మిగులుతుంది. న ను 8తో భాగిస్తే 7. రెండూ కలిపితే 8, అంటే క వర్గం 8తో నిశ్శేషంగా పోవాలి, కాబట్టి క 4 ఎక్కంలోది. న అంకెల మొత్తం 56, 3తో భాగిస్తే 2. క 3 ఎక్కంలోది కాకపోతే గ వర్గానికి 2 మిగలాలి, 3 దగ్గర ఏ వర్గానికీ 2 మిగలదు. కాబట్టి క 12 ఎక్కంలోది.

92,825 తరువాత 12 ఎక్కంలో వచ్చేవి: 92,832, 92,844, 92,856, 92,868, 92,880. ఐదోది జవాబు. మధ్యలో రెండింటి ఫలితం 7తో ముగుస్తుంది, వాటికి వర్గమూలం కూడా చూడక్కర్లేదు.

"ఏం నాయనా, ఐదు వర్గాలు కట్టేదానికి ఇన్ని చైన్లా?" అన్నారు. టీ చల్లారలేదు ఇంకా.

నిజమే. 12 చైన్ ఒక్కటే చాలు, దానికి యంత్రమే అక్కర్లేదు. జెవన్స్ సంఖ్యను అమెరికా గణితవేత్త సాలమన్ గొలాంబ్ జేబు క్యాలిక్యులేటర్‌తో విడగొట్టిన సంగతి నేనూ చదివా, కానీ ఇంత తేలికని అనుకోలేదు. అసలు గుట్టు కారణాంకాల దగ్గరితనం: 96,079కూ 89,681కూ తేడా 6,398 మాత్రమే. రెండూ వర్గమూలానికి చెరోవైపు అతుక్కుని ఉన్నాయి, అందుకే 55 అడుగుల్లో దొరికాయి. జెవన్స్ సంఖ్య పెద్దది కావాలని చూశాడు, కారణాంకాల మధ్య ఎడం చూసుకోలేదు. ఈ రోజుల్లో కంప్యూటర్ సందేశాలను దాచే రహస్య తాళాలకు రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు ఎంచేవాళ్ళు అవి మరీ దగ్గరగా లేకుండా చూసుకునేది ఇందుకే.

దశ 8: 4,29,49,67,297

ఇది 2ను 32సార్లు గుణించి 1 కలిపిన సంఖ్య. గణితవేత్త ఫెర్మా దీన్ని ప్రధాన సంఖ్య అనుకున్నాడు. 1732లో ఇంకో గణితవేత్త ఆయిలర్ 641 × 67,00,417 అని తేల్చాడు. జెవన్స్ సంఖ్యలో సగమే ఉంటుంది కాబట్టి యంత్రానికి ఇంకా తేలికవ్వాలని అమ్మాయి అంది.

లెక్క కట్టాం. మొదలు 65,537. జవాబు (641 + 67,00,417) ÷ 2 = 33,50,529. మధ్యలో 32,84,992 అడుగులు. నా చేతి వేగం నిమిషానికి 14. నిద్ర లేకుండా తిప్పితే 163 రోజులు.

అదే మామూలుగా 2, 3, 5, 7 అంటూ ప్రధాన సంఖ్యలతో భాగించుకుంటూ పోతే 641 వచ్చేది 116వ దగ్గర. దీని కారణాంకాలు 64 ఎక్కానికి ఒకటి ఎక్కువగానే ఉండాలని ఆయిలర్ చూపించాడు. ఆ లెక్కన ప్రయత్నించాల్సిన ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఇక్కడా ఐదోదే.

సైకిల్ భాయ్‌కి 163 రోజుల సంగతి చెప్తే, "తిప్పేకి మోటారు పెట్టుకోప్పా, నీ అంగట్లో లేనివా" అన్నాడు. నిన్న జెవన్స్ చీలలతోనే డ్రిల్ మిషన్ తగిలించి చూశా. నిమిషానికి 60 చుట్లు, అంటే 1,080 అడుగులు. ఆ వేగానికి 32 లక్షల అడుగులు దాదాపు 51 గంటల పని. కానీ రేకులు చీల తగిలి వణుకుతూ, 55వ అడుగు కాని చోట్ల కూడా బల్బు మినుకుమంటోంది. 20 చుట్లకు తగ్గిస్తే మినుకు ఆగింది, ఇప్పుడు 13 చైన్ పన్ను మీద ఎగురుతోంది. దానికి ఇంకో బేరింగు కట్టాలి.

ఇప్పటికి ₹1,680, చీలలు 86, పరుగులు 3. డ్రిల్‌తో తిప్పింది లెక్కలో వేయలేదు.